గిట్టుబాటు కాలేజీలు

పోయిన మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే మా చెల్లెలు తెనాలి నుంచి మా యింట్లో దిగింది. ఎప్పుడొచ్చినా గోంగూర కట్టలో, దొండకాయలో సంచీలో తెచ్చే మనిషి ఈసారి ఒక ప్లాస్టిక్ కవరు మాత్రం తెచ్చింది. కాఫీ అయినా తాగకుండా కవర్లోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పరిచింది.

"అక్కా, నువ్వు ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పావు. వీటిల్లో ఏది మంచిదో చెప్పు. ఆయన ఈ నెలాఖరులోగా బ్యాంకుకి వెళ్ళాలంటున్నారు" అంది.

మొదటి కాగితంలో మా చెల్లెలి కూతురికి ఎమ్మెస్‌లో సీటిచ్చిన నాలుగు అమెరికా యూనివర్సిటీల పేర్లున్నాయి. రెండోది ఒక జాబితా. 'బెస్ట్ వాల్యూ' కాలేజీలట. అంటే పెట్టిన డబ్బుకు బాగా గిట్టుబాటయ్యే చదువులన్నమాట. వంద పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక అంకె. మన పిల్లకి సీటొచ్చిన నాలుగింట్లో ఒకటి పందొమ్మిదో స్థానంలో వుంది. కన్సల్టెన్సీలో కూర్చునే కుర్రాడు దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, "కళ్ళు మూసుకుని పంపించెయ్యండి మేడం" అన్నాడట. మిగిలిన మూడూ ఆ జాబితాలో ఎక్కడా లేవు.

బ్యాంకు అంటే కాలవ కింద అర ఎకరం తాకట్టు. మా నాన్న మా చెల్లెలికి పసుపుకుంకుమ కింద రాసిచ్చిన పొలం అది. మా మరిదిగారి రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళే వుంది. ఆవకాయకు మామిడికాయలు కొనేటప్పుడు కూడా ముక్క కొరికి చూసి గానీ బుట్టలో వెయ్యం కదా, అర ఎకరం పెట్టి కొనేదాన్ని కళ్ళు మూసుకుని ఎలా కొంటాం?

నాకు లెక్కలు పెద్దగా రావు. చరిత్ర చెప్పినదాన్ని. ఏదన్నా చేతికొస్తే అది ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది అని వెదకడం నాకు అలవాటు. "ఒక వారం గడువియ్యవే" అన్నాను. ఆ వారంలో నేను తెలుసుకున్నవి మీలో కొందరికయినా పనికొస్తాయని రాస్తున్నాను. 2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశపు పిల్లలు 3,31,602 మందని లెక్క. ఆ యేడు చైనాను కూడా దాటి మనమే ముందున్నాం. అందులో మన తెలుగు పిల్లలెందరో తెలియాలంటే మీ అపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడి నలుగురిని పలకరిస్తే చాలు.

* * *

కాలేజీలను వరసలో నిలబెట్టే సరదా అమెరికాలో కొత్తది కాదు. నూట పదేళ్ళ పైమాటే.

1910 ప్రాంతంలో అక్కడి పెద్ద యూనివర్సిటీలకు ఒక చిక్కొచ్చింది. దేశం నలుమూలల నుంచీ బీయేలు పాసైనవాళ్ళు పై చదువులకు వచ్చి పడుతున్నారు. ఎవరి డిగ్రీకి ఎంత విలువుందో తెలియడం లేదు. ఆ సంగతి తేల్చమని ప్రభుత్వ విద్యా శాఖను అడిగారు. ఆ శాఖలో కెండ్రిక్ బాబ్‌కాక్ అని ఒక అధికారి వున్నాడు. ఆయన 344 కాలేజీలను నాలుగు తరగతులుగా విడగొట్టాడు. మొదటి తరగతి కాలేజీలో చదివినవాడు ఏడాదిలో ఎమ్మే పూర్తి చెయ్యగలడు, రెండో తరగతివాడికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, ఇలాగ.

1911లో ఆ జాబితా ప్రభుత్వం ప్రకటించకముందే బయటికి పొక్కింది. ఇంకేముంది! రెండో తరగతిలో పడ్డవాళ్ళు, మూడో తరగతిలో పడ్డవాళ్ళు అందరూ కలిసి గగ్గోలు పెట్టారు. చివరికి సాక్షాత్తూ ప్రెసిడెంటు టాఫ్ట్ కలగజేసుకుని ఆ జాబితా అచ్చు వెయ్యొద్దని ఉత్తర్వు ఇచ్చాడు. ఆయన తరవాత ప్రెసిడెంటయిన విల్సన్ అంతకుముందు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి అధ్యక్షుడుగా చేసినవాడు. ఆయన్ని అడిగినా ఆ ఉత్తర్వు ఎత్తెయ్యలేదు. పిల్లల మధ్య మార్కుల గొడవొస్తే ప్రోగ్రెస్ కార్డు అటక మీద దాచేసే తల్లిలాగా మొత్తం వ్యవహారాన్ని మూలన పెట్టేశారు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. బాబ్‌కాక్ జాబితా ఎవరి కోసమో స్పష్టంగా తెలుసు. ఎమ్మే క్లాసులో ఎవర్ని చేర్చుకోవాలో తేల్చుకోలేని యూనివర్సిటీల కోసం. ప్రశ్న ఒకటే, జవాబూ ఒకటే. 'ఏ కాలేజీ గొప్పది' అని ఆయన్ని ఎవరూ అడగలేదు. జాబితా జనం చేతుల్లో పడ్డాక మాత్రం అది గొప్పల జాబితా అయి కూర్చుంది.

* * *

ఆ తరవాత చాలాకాలానికి, 1983లో, 'యు.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్' అనే వారపత్రిక మళ్ళీ ఆ పని ఎత్తుకుంది. వాళ్ళు చేసిందల్లా దేశంలోని కాలేజీల అధ్యక్షులకు ఉత్తరాలు రాసి, మీ దృష్టిలో మంచి కాలేజీలేవి అని అడగడం. సగం మంది దాకా జవాబిచ్చారు. స్టాన్‌ఫర్డ్ మొదటిదిగా వచ్చింది. పత్రిక కాపీలు బాగా అమ్ముడయ్యాయి. 1985లో మళ్ళీ వేశారు. 1987 తరవాత ఏటేటా రావడం మొదలైంది. చివరికి 2010లో ఆ పత్రిక అచ్చులో రావడమే ఆగిపోయింది గానీ జాబితాలు మాత్రం ఇంకా వస్తూనే వున్నాయి. చెట్టు ఎండిపోయినా దాని మీద పాకిన తీగ మాత్రం పచ్చగా వుందన్నమాట.

అయితే ఒక కాలేజీ అధ్యక్షుడికి ఇంకో వంద కాలేజీల గురించి ఏం తెలుస్తుంది? మన వీధిలోవాళ్ళ వంటల గురించి మనకెంత తెలుసో అంతే. పేరంటానికి వెళ్ళిన రెండిళ్ళ పులిహోర రుచి తెలుస్తుంది. మిగిలినవి విన్నమాటలే.

దీని మీద ఒక ముచ్చటైన కథ వుంది. థామస్ బ్రెన్నన్ అని మిషిగన్ రాష్ట్ర సుప్రీం కోర్టులో ఒకప్పుడు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన పెద్దమనిషి, ఒకసారి వందమంది దాకా లాయర్లకు పది లా కాలేజీల పేర్లు రాసి పంపి, వీటిని మంచీచెడ్డా చూసి వరసలో పెట్టండి అన్నాడు. వాళ్ళు పెట్టి పంపించారు. పెన్ స్టేట్ యూనివర్సిటీ లా కాలేజీకి మధ్యలో ఎక్కడో, ఇంచుమించు అయిదో స్థానం ఇచ్చారు. తమాషా ఏమిటంటే, అప్పటికి పెన్ స్టేట్‌కి లా కాలేజీయే లేదు!

లేని కాలేజీకి కూడా అయిదో రాంకు తెచ్చిపెట్టగలదు పేరు. ఆ పేరుకి 2023లో వచ్చిన జాబితాలో కూడా నూటికి 20 మార్కులున్నాయి. ముందు రాంకు చూసి పేరు ఏర్పడుతుంది, తరవాత ఆ పేరు చూసి రాంకు ఇస్తారు. రోట్లో రోకలి తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతుంటుంది.

మనమేం తక్కువ తినలేదు లెండి. ఎంట్రన్సు ఫలితాలు వచ్చిన రోజున టీవీ పెడితే చాలు, ఊపిరి తీసుకోకుండా "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు" అని చదివే ప్రకటనలు మనకు నిద్దట్లో కూడా వినబడతాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2015లో ఒక పద్ధతి ఏర్పరిచి, 2016 నుంచి కాలేజీలకు రాంకులు ఇస్తోంది. అందులోనూ 'పదిమందిలో పేరు' అనేదానికి కొన్ని మార్కులున్నాయి. తల్లిదండ్రులు కట్టే ఫీజు ఎంతన్నదానికి మాత్రం మార్కుల్లేవు.

* * *

ఇక డబ్బు సంగతికొద్దాం. 1980ల నుంచీ అమెరికాలో కాలేజీ ఫీజులు పాలపొంగులాగా పెరుగుతూ వచ్చాయి. తల్లిదండ్రులు బెంబేలెత్తిపోయారు. 'గొప్ప కాలేజీ సరే, నా డబ్బుకు తగినది ఏది?' అన్న ప్రశ్న పుట్టింది. ప్రశ్న పుడితే పత్రికలు ఊరుకుంటాయా? 'మనీ' అనే పత్రిక, 'కిప్లింగర్' అనే పత్రిక 1990లలోనే గిట్టుబాటు జాబితాలు వేశాయి. 'యు.ఎస్. న్యూస్' కూడా తన పాత జాబితా పక్కన ఇది ఒకటి పెట్టింది.

దాని లెక్క ఎలా వుంటుందో చూడండి. చాలా ఏళ్ళపాటు వాళ్ళు వాడిన పద్ధతిలో నూటికి 60 మార్కులు నాణ్యతను ఖర్చుతో పోల్చి ఇచ్చేవి. నాణ్యత అంటే వేరే ఏమీ కాదు, తమ పాత జాబితాలో ఆ కాలేజీకి వచ్చినదే. అంటే 'పేరు' అనే ఆ పాత పచ్చడినే కొత్త జాడీలోకి మార్చారు. ఇంకో 25 మార్కులు, ఎంతమంది పిల్లలకు ఇంటి పరిస్థితిని బట్టి సాయం అందుతోందన్నదానికి. మిగిలిన 15 మార్కులు, సగటున ఎంత తగ్గింపు ఇస్తున్నారన్నదానికి.

తగ్గింపు అన్న మాట దగ్గర నేను ఆగాను. మీరూ ఆగే వుంటారు. ఆషాఢమాసంలో చీరల కొట్టుకెళ్ళని ఆడవాళ్ళెవరున్నారు? నాలుగు వేల చీర మీద ఎనిమిది వేలని చీటీ అతికించి, సగానికి సగం తగ్గింపు అంటే సంబరపడి కొనుక్కొచ్చిన వాళ్ళమే కదా మనందరం!

కాలేజీలూ అంతే. పెన్సిల్వేనియాలో అర్సైనస్ అని ఒక చిన్న కాలేజీ వుంది. దరఖాస్తులు తక్కువగా వస్తున్నాయని వాళ్ళకు దిగులు పట్టుకుంది. ఫీజు తక్కువగా వుండబట్టే జనం చిన్నచూపు చూస్తున్నారేమోనని ఆలోచించి, 2000 సంవత్సరంలో ఫీజు ఒక్కసారిగా 17.6 శాతం పెంచారు. దాంతోపాటు స్కాలర్‌షిప్పులు కూడా పెంచారు. దరఖాస్తులు తగ్గలేదు సరికదా, పెరిగాయి! ఈ కిటుకు తెలిసిన కాలేజీ అదొక్కటే కాదు. ఫీజు పెంచితే గొప్పగా కనిపిస్తుంది, తగ్గింపు ఇస్తే పిల్లవాడు తన ప్రతిభకు దక్కిందని మురిసిపోతాడు. రెండూ గిట్టుబాటే, కాలేజీకి.

ఇక రాంకు కోసం అంకెలు వండటం కూడా వుంది. 2022లో కొలంబియా యూనివర్సిటీలో మైకేల్ థాడియస్ అనే లెక్కల ప్రొఫెసరు, తన సొంత యూనివర్సిటీ పంపిన అంకెలనే పట్టుకుని సరిచూశాడు. అప్పటికి కొలంబియా దేశంలో రెండో స్థానంలో వుంది. ఇరవైమంది లోపు పిల్లలుండే క్లాసులు 82.5 శాతం అని రాసిచ్చారు. ఆయన లెక్కకు అది కుదరలేదు. తరవాత యూనివర్సిటీ వాళ్ళే తప్పు ఒప్పుకుని ఇచ్చిన లెక్కలో ఆ 82.5 కాస్తా 57 శాతం దగ్గరికి దిగింది. ఆ సెప్టెంబరులో రాంకు రెండు నుంచి పద్ధెనిమిదికి పడిపోయింది. టెంపుల్ యూనివర్సిటీ బిజినెస్ స్కూలు కథ ఇంకా ఘోరం. ఇంట్లో కూర్చుని చదివే దాని ఎంబీయే వరసగా నాలుగేళ్ళు మొదటి రాంకులో వుంది. పంపినవి దొంగ లెక్కలని తేలి, అక్కడి డీన్‌కి 2022లో 14 నెలల జైలుశిక్ష పడింది.

పోనీ, ఈ ఆటకు మేము రామని మర్యాదగా తప్పుకుంటే? ఆరెగన్ రాష్ట్రంలో రీడ్ అనే కాలేజీ 1995లో అంకెలు పంపడం మానేసింది. అంకెలు లేవు గనక జాబితాలో దాన్ని అట్టడుగు వరసలోకి తోసేశారు. కాలేజీలో మేష్టార్లు వాళ్ళే, పుస్తకాలు అవే. ఒక్క ఏడాదిలో మారింది కాగితం మాత్రమే.

* * *

'పేరూ వద్దు, తగ్గింపులూ వద్దు. చదివి బయటికొచ్చినవాళ్ళు ఎంత సంపాదిస్తున్నారో చూస్తే సరిపోదా?' అని మీరనవచ్చు. అక్కడివాళ్ళూ అదే అన్నారు. 2014లో 'మనీ' పత్రిక తన జాబితాను కొత్త పద్ధతిలో తయారుచేసి, జీతాలను గట్టిగా లెక్కలోకి తీసుకుంది. హార్వర్డూ, యేలూ అన్నీ పక్కకు జరిగి, వ్యాపారం నేర్పించే బాబ్సన్ కాలేజీ మొదటికి వచ్చింది. రెండోది ఓడలు కట్టే ఇంజనీరింగు తప్ప మరొకటి చెప్పని వెబ్ ఇన్‌స్టిట్యూట్. అందులో వున్న పిల్లలంతా కలిపి వందమంది. పాత జాబితాల కన్నా ఇది నయమే, ఎవరూ ఎరగని కాలేజీలకు వెలుగొచ్చింది. కానీ జీతాలను బట్టి కొలిస్తే వ్యాపారం, ఇంజనీరింగు చెప్పే చోట్లు పైకి లేస్తాయి. పంతులమ్మలనూ, సంఘసేవ చేసేవాళ్ళనూ తయారుచేసే కాలేజీలు ఎంత చక్కగా చెప్పినా కిందికి దిగుతాయి. ఒకే పనికి ఆడవాళ్ళకు తక్కువ జీతమిచ్చే లోకంలో, ఆడపిల్లలు ఎక్కువగా చదివే కాలేజీకి ఆ తక్కువ కూడా చదువు లోపం కిందే జమవుతుంది.

ప్రెసిడెంటు ఒబామా 2013 ఆగస్టులో బఫెలోలో ప్రసంగిస్తూ, ఇక ప్రభుత్వమే కాలేజీలకు విలువ కట్టి రేటింగులు ఇస్తుందని ప్రకటించాడు. కాలేజీలు మళ్ళీ 1911లోలాగే గగ్గోలు పెట్టాయి. రెండేళ్ళు తంటాలు పడి, 2015 సెప్టెంబరులో రాంకులు లేకుండా ఊరికే అంకెలు మాత్రం బయటపెట్టారు. దాని పేరు 'కాలేజ్ స్కోర్‌కార్డ్'. ఎంతమంది చదువు పూర్తిచేస్తున్నారు, ఎంత అప్పుతో బయటపడుతున్నారు, తరవాత ఎంత సంపాదిస్తున్నారు అన్నవి అందులో వుంటాయి. నిజం చెప్పొద్దూ, నేను చూసినవాటిలో పద్ధతిగా వున్నది ఇదే. నేటి గిట్టుబాటు జాబితాలు చాలావాటికి ముడిసరుకు కూడా ఇక్కడిదే.

అయితే అందులో ఎవరి జీతాలు లెక్కవేశారని చూశాను. అమెరికా ప్రభుత్వం నుంచి గ్రాంటో, అప్పో తీసుకుని చదివినవాళ్ళవి. వాళ్ళలోనూ ఉద్యోగం చేస్తున్నవాళ్ళవి. పిల్లల్ని పెంచుకోవడానికి ఉద్యోగం మానేసిన ఆడమనిషి అందులో లేదు. స్టూడెంటు వీసా మీద వెళ్ళిన మన పిల్లలకు ఆ ప్రభుత్వం గ్రాంటూ ఇవ్వదు, అప్పూ ఇవ్వదు. కాబట్టి వాళ్ళు కూడా అందులో లేరు.

* * *

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి.

నేను డిగ్రీలో చేరింది 1976లో. మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. అన్నయ్యని దూరంగా ఇంజనీరింగులో చేర్పించారు. నాకు విశాఖపట్నం వెళ్ళి సైన్సు చదవాలని వుండేది. ఒక రాత్రి ఆయన పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చుని, హాస్టలు ఖర్చు, రైలు ఛార్జీలు, రేపు నా పెళ్ళికి పెట్టవలసింది అన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, "అమ్మాయికి వూళ్ళో ఆడపిల్లల కాలేజీ చాలు" అని మూసేశారు. అప్పట్లో అమెరికా పత్రికలు లేవు గానీ మన ఇళ్ళల్లో గిట్టుబాటు జాబితాలు లేకపోలేదు. ఆడపిల్ల చదువు ఎప్పుడూ వాటిల్లో అడుగునే వుండేది.

ఆ కాలేజీలో సైన్సు లేదు. చరిత్ర వుంది. చరిత్ర చెప్పే మేడం ఒకావిడ లైబ్రరీ తాళంచెవి నాకిచ్చి, సాయంత్రం నువ్వే తాళం వేసుకుని వెళ్ళు అనేవారు. ఆ తాళంచెవి వల్లే నేను ఎమ్మే దాకా వెళ్ళాను, ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం చేశాను.

నేను చేరిన ఆ 1976లోనే అమెరికాలో కాలేజీల్లో చేరిన పిల్లల మీద స్టేసీ డేల్, అలెన్ క్రూగర్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 2002లో అచ్చయింది. ఒకే రకం కాలేజీల్లో సీట్లొచ్చిన పిల్లల్లో కొందరు బాగా పేరున్నదానికి వెళ్ళారు, కొందరు అంత పేరు లేనిదానికి వెళ్ళారు. 1995లో వాళ్ళ జీతాలు చూస్తే ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పిల్లకి వున్న తెలివీ, పట్టుదలా పిల్లతోనే వెళ్ళాయన్నమాట. కానీ తక్కువ రాబడి వున్న ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనిపించింది. వాళ్ళకు తలుపులు తీసే చుట్టాలూ స్నేహితులూ అక్కడే దొరికారేమో. కాబట్టి కాలేజీ ఏదయినా ఒకటేననీ అనలేం. ఎవరికి, అన్న ప్రశ్న పక్కన లేకుండా 'మంచి కాలేజీ' అన్న మాటకు అర్థం లేదు.

మా నాన్న లెక్క తప్పని నేననను. ఆయన దగ్గర వున్న డబ్బుకు, ఆనాటి భయాలకు అది సరిపోయిన లెక్కే. ఆ లెక్కలో నేను లేను, అంతే.

* * *

రెండో ఆదివారం చెల్లెలితో పాటు పిల్ల కూడా వచ్చింది. ముగ్గురం భోజనాలయ్యాక చాప మీద కూర్చున్నాం.

"ఏమే అమ్మడూ, ఈ జాబితా దేని గురించో పైన చదివావా?" అన్నాను. అది ఫోన్లో వెదికి తలెత్తింది. ఆ జాబితా ఇంటర్మీడియెట్ తరవాత చదివే నాలుగేళ్ళ డిగ్రీ గురించి. ఇది వెళ్ళేది ఎమ్మెస్‌కి. ఆ కాగితంలో వున్న ఒక్క అంకె కూడా ఎమ్మెస్ గురించి కాదు.

తరవాత ధర చూశాం. అది ప్రభుత్వ యూనివర్సిటీ. జాబితాలో వేసిన ఖర్చు ఆ రాష్ట్రంలో పుట్టి పెరిగిన పిల్లలు, అదీ స్కాలర్‌షిప్పు వచ్చినవాళ్ళు కట్టేది. అమెరికాలో ప్రభుత్వ కాలేజీల సగటు ఫీజు 2023-24లో సొంత రాష్ట్రం పిల్లలకు 11,260 డాలర్లయితే, బయటి రాష్ట్రం పిల్లలకు 29,150. మనం బయటి రాష్ట్రమే కాదు, బయటి దేశం. బంగారం కొట్లో గ్రాము ధర చూసి లోపలికెళ్ళి, తరుగూ మజూరీ కలిపాక బిల్లు చూసి గుండె పట్టుకున్నట్టు, ఇంటద్దె, ఆరోగ్య బీమా, విమానం టిక్కెట్టు కలిపేసరికి మా చెల్లెలికి మాట రాలేదు. ఇక జీతాల సంగతి ముందే చెప్పాను, అవీ మన పిల్లల్లాంటి వాళ్ళవి కావు.

చీర మనది కాదు, ధర మనది కాదు, కట్టుకున్న మనిషీ మనం కాదు. మరి దాన్ని చూసి ఎందుకు కొంటున్నట్టు?

జాబితా కాగితం తిరగేసి, వెనకవైపు తెల్లగా వున్నచోట నాలుగు గళ్ళు గీశాం. ఒక్కొక్క యూనివర్సిటీకి ఒక్కొక్క గడి. ఆ యూనివర్సిటీ వాళ్ళే విదేశీ విద్యార్థికని రాసుకున్న మొత్తం ఖర్చు ఎంత? చదువు మూడు సెమిస్టర్లా, నాలుగా? ఆ డిపార్టుమెంటులో ఎమ్మెస్ పిల్లలకు పాఠాలు చెప్పే పనో, పరిశోధన పనో ఇస్తారా? ముందే వెళ్ళిన పిల్లల్లో ఉద్యోగం దొరికిన ఇద్దరినీ, దొరకని ఇద్దరినీ అడిగితే ఏం చెబుతారు? దొరికినవాళ్ళను మాత్రమే అడగొద్దని గట్టిగా చెప్పాను. గడులు నిండడానికి పది రోజులు పట్టింది. నిండాక చూస్తే, ఎర్ర సున్నా చుట్టింది నాలుగింట్లోకీ ఖరీదైనదిగా తేలింది.

ఆ గళ్ళు గీస్తున్నప్పుడే పిల్ల ఒక మాటంది. "పెద్దమ్మా, మీరందరూ ఎక్కడ చదవాలో అడుగుతున్నారు గానీ ఏం చదవాలనుందో ఎవరూ అడగలేదు."

మా చెల్లెలు ఉలిక్కిపడి, "కంప్యూటర్సే కదే?" అంది.

దానికి స్టాటిస్టిక్స్ అంటే ఇష్టమట. నాలుగింట్లో ఒకటి, జాబితాలో లేనిది, ఆ సబ్జెక్టులోనే సీటిచ్చింది. ఇంట్లో అందరూ కంప్యూటర్స్ అంటుంటే ఆ కాగితాన్ని అడుగున పెట్టి వూరుకుందట. నేను చెల్లెలి మొహం చూశాను. అది కాసేపు చాప అంచు పీకుతూ కూర్చుని, "అయితే అయిదో గడి కూడా గియ్యక్కా" అంది. అందులో పిల్ల చేతే రాయించాం.

ఆగస్టులో పిల్ల ఆ యూనివర్సిటీకే వెళ్ళింది. పొలం తాకట్టు తప్పలేదు. కానీ అప్పు మా మరిదిగారు మొదట అనుకున్నదానిలో మూడో వంతు తగ్గింది. రేపు ఉద్యోగం ఎలా వుంటుందో, వీసాలు ఎలా వుంటాయో నేను జోస్యం చెప్పలేను. ఏ జాబితా కూడా చెప్పలేదు. పిల్ల ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. అన్నం మాడిందనీ, అక్కడి లైబ్రరీ రాత్రి రెండింటి దాకా తీసే వుంటుందనీ చెబుతుంది. రెండో సంగతి విన్నప్పుడు మాత్రం నాకు తాళంచెవి గుర్తొస్తుంది.

వెనకవైపు మా లెక్కలున్నాయని ఆ జాబితా కాగితాన్ని మా చెల్లెలు పారెయ్యలేదు. బీరువాలో చీరల కింద దాచింది. మొన్న ఫోన్లో చెప్పింది, కన్సల్టెన్సీ వాళ్ళు ఈ యేటి కొత్త జాబితా పంపారట. పోయినసారి పందొమ్మిదోది ఈసారి ముప్ఫై నాలుగట.

"ఏడాదిలో అంత పాడైపోయిందా అక్కా, ఆ కాలేజీ?" అని అడిగింది పాపం, నిజంగానే జాలిపడుతూ.